మహేంద్రగిరి ఎక్కుదామని వెళ్లి... నులక మంచం ఎక్కా!

ముందే చెప్పేస్తున్నా, ఇది ట్రెక్కింగ్ కథ కాదు. ట్రెక్కింగ్ కోసం కొన్న బూట్లకి ఇప్పటికీ మట్టి అంటలేదు. రూట్ మ్యాప్ ఉంటుందని క్లిక్ చేసినవాళ్లుంటే సారీ.

ప్లాన్ మాత్రం పక్కాగానే వేశా. శ్రీకాకుళం జిల్లా దాటగానే, ఒడిశాలోని గజపతి జిల్లాలో మహేంద్రగిరి ఉంది. ఎత్తు 1,501 మీటర్లు. పైన భీముడి పేరుతో ఒకటి, కుంతి పేరుతో ఒకటి, ధర్మరాజు పేరుతో ఒకటి పాత రాతి గుళ్లున్నాయి. పరశురాముడు ఇప్పటికీ అక్కడే తపస్సు చేసుకుంటున్నాడని నమ్మకం. శివరాత్రికి జనం బారులు తీరతారు. మా టీమ్‌లో ముగ్గురు అప్పటికే హిమాలయాల్లో ఏదో ఒక కొండెక్కి, ఎర్ర జాకెట్లలో ఫొటోలు పెట్టేశారు. నాకు హిమాలయాలకు వెళ్లేంత సెలవు లేదు, డబ్బు అంతకన్నా లేదు. కానీ మహేంద్రగిరి దగ్గర్లో నాకో ఫ్రెండున్నాడు.

ఇక్కడో నిజం ఒప్పుకోవాలి. నేను బయల్దేరింది వాణ్ని చూడ్డానికి కాదు. వాడిల్లు నాకు బేస్ క్యాంప్, అంతే. ‘గురువారం ట్రైన్ ఎక్కుతున్నా మామా. శుక్రవారం మీ ఇంట్లో రెస్ట్. శనివారం తెల్లారి నాలుగింటికి కొండ’ అని మెసేజ్ పెట్టా. ‘రా’ అని ఒక్క అక్షరం జవాబొచ్చింది.

వాడూ నేనూ అమీర్‌పేటలో కోచింగ్ రోజుల నుంచీ నాలుగేళ్లు ఒకే గదిలో ఉన్నాం. ఒకే చార్జర్, ఒకే బకెట్. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఇంటికెళ్లాడు. మళ్లీ రాలేదు. ‘వచ్చే నెల వస్తా రా, చూసిపోతా’ అన్నాను ఫోన్‌లో. ఆ వచ్చే నెల రావడానికి ఆరేళ్లు దాటింది. మధ్యలో మా మధ్య నడిచిందల్లా పుట్టినరోజుకో కేక్ బొమ్మ, స్టేటస్‌కో నవ్వు.

సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎక్కి, పొద్దున్నే పలాసలో దిగా. స్టేషన్ బయట బండి మీద కూర్చుని ఉన్నాడు. కాస్త నల్లబడ్డాడు, భుజాలు వెడల్పయ్యాయి. నా వీపు మీదున్న బ్యాగ్ చూసి, దానికి వేలాడుతున్న చేతికర్ర చూసి, ‘ఏటిరా ఇది, తిరణాలకా?’ అన్నాడు. అమీర్‌పేటలో ఉన్నప్పుడు ఈ యాసను జాగ్రత్తగా దాచుకునేవాడు. ఇప్పుడు దాచడం లేదు.

పలాస అంటే జీడిపప్పు. ఊళ్లో ఎటు తిరిగినా జీడిపిక్కలు కాల్చిన వాసన. షెడ్లలో ఆడవాళ్లు వరసగా కూర్చుని పిక్క కొట్టి పప్పు తీస్తున్నారు. మనం సూపర్‌మార్కెట్లో ప్యాకెట్ మీద డబ్ల్యూ 320 అని చూస్తాం కదా, ఒక పౌనుకి దాదాపు 320 పప్పులు తూగుతాయని దానర్థం. అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధర పెద్దది. అందులో ఒక్కో పప్పూ విరగకుండా బయటికి రావాలంటే ఎవరి వేళ్లో నల్లబడాలి. పిక్క పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. ‘మా అమ్మ పదేళ్లు చేసింది ఈ పని’ అన్నాడు బండి తోలుతూ. నాలుగేళ్లు ఒకే గదిలో ఉండి కూడా నాకీ సంగతి తెలీదు. ఇంటి నుంచి వాడు తెచ్చిన జీడిపప్పు మాత్రం డబ్బా ఖాళీ అయ్యేదాకా తినేవాణ్ని.

ఊరు సోంపేట వైపు. హైవే దిగి సముద్రం వైపు తిరగ్గానే రోడ్డు మీద నీడ మొదలైంది. దీన్ని ఉద్దానం అంటారు. ఉద్యానవనం అన్న మాటే అలా మారిందని చెబుతారు. ఇసుక నేల. పైన కొబ్బరి, దాని కింద పనస, జీడిమామిడి, ఇంకా కింద అరటి, మునగ. ఒక చెట్టు నీడలో ఇంకో చెట్టు. ఫిబ్రవరి చివర కాబట్టి జీడి పూత మీదుంది, అక్కడక్కడా ఎర్రటి పండ్లు కూడా. పనసచెట్ల మొదళ్లకి పిడికిలంత కాయలు. అక్కడక్కడా మాత్రం నీడ ఉన్నట్టుండి తెగిపోయి, ఎండ సూటిగా మొహం మీద పడుతోంది. అలాంటి చోట చూస్తే చెట్లన్నీ పొట్టివే. అప్పుడడగలేదు ఎందుకని.

ఇల్లు పెంకుటిల్లు, ముందు అరుగు, పక్కనే వేపచెట్టు కింద నులక మంచం. పడమటి వైపు చూస్తే మంచులో నీలంగా, ఎత్తుగా కొండలు. ‘అదేరా నీ మహేంద్రగిరి’ అన్నాడు. నేను ఫోన్ తీశా. వాళ్లమ్మ గారు గిన్నెతో వచ్చారు.

‘ఏటి బాబూ, ఇన్నాళ్లకి దారి తెలిసిందేటి?’

తిట్టు కాదు, నవ్వుతూనే అన్నారు. అయినా తగలాల్సిన చోట తగిలింది. ‘కొండెక్కాలమ్మా’ అన్నా, ఇంకేం అనాలో తెలీక. ‘కొండెక్కడికీ ఎల్లిపోదు గానీ, ముందు అంబలి తాగు.’ చోడి అంబలి, నంజుకోడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. ఆ తర్వాత మంచం మీద నడుం వాల్చా. లేచేసరికి పన్నెండైంది. అలారం లేకుండా పగలు నిద్రపోవడం ఎన్నేళ్లకో.

వాళ్ల నాన్న గారిని చూసింది అప్పుడే. అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చున్నారు. ఎడమచేతికి నిండు చేతుల చొక్కా. పక్కన ఒక ప్లాస్టిక్ సీసా, దాని మీద పెన్నుతో గీసిన అడ్డగీతలు. ఆయన ఒక్క గుక్క తాగి, సీసా పైకెత్తి నీళ్లు ఏ గీత దగ్గరున్నాయో చూసుకున్నారు. మూత పెట్టేశారు.

‘ఆ గీతలేంటి రా?’ అని వాణ్ని అడిగా, పెరట్లో.

‘నాన్న రోజుకి తాగాల్సిన నీళ్లు. ముప్పావు లీటరు. డయాలసిస్ కదా.’

కదా అన్నాడు, నాకు తెలిసినట్టే. నాకు తెలీదు. నాన్నకి ఒంట్లో బాగోలేదని రెండేళ్ల కిందటెప్పుడో అన్నాడు. ‘టేక్ కేర్ రా’ అని నేను టైప్ చేశా. అంతటితో అయిపోయింది.

ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మీరూ వార్తల్లో చూసే ఉంటారు. షుగర్, బీపీ లేనివాళ్లకి కూడా, పొలంలో కష్టపడి పనిచేసేవాళ్లకి కిడ్నీలు మెల్లగా పాడైపోతాయి. దేశవిదేశాల పరిశోధకులు వచ్చి నీళ్లు చూశారు, మట్టి చూశారు, రక్తం చూశారు. ఇదీ కారణమని ఒక్కటి ఇంతవరకూ గట్టిగా తేలలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ జబ్బుల కోసమే 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. వంశధార నీళ్లు హిరమండలం నుంచి గొట్టాల్లో ఊళ్లకి వస్తున్నాయి. మనం క్రికెట్ స్కోరు చెప్పుకున్నట్టు ఇక్కడ క్రియాటినిన్ చెప్పుకుంటారు. ‘నాకు ఒకటీ పాయింట్ ఒకటి’ అన్నాడు వాడు, అడక్కుండానే. ఆర్నెల్లకోసారి చూపించుకుంటాడట.

సాయంత్రం అసలు సంగతి బయటపడింది. డయాలసిస్ వారానికి మూడు రోజులు. మంగళ, గురు, శని. నా కొండ శనివారం.

‘మా చిన్నాన్న కొడుకుని పంపుతా నీతో. వాడికి దారి తెలుసు. ఒడిశా వైపు నుంచైతే చాలా దూరం బండ్లే వెళ్తాయి రా, నువ్వు నడిచేది కూడా పెద్దగా ఉండదు’ అన్నాడు. అంతా ముందే ఏర్పాటు చేసి ఉంచాడు. పొద్దున్న మూడున్నరకి వాళ్లమ్మ గారు లేచి పులిహోర కడతారని కూడా మాట్లాడుకున్నారు. అంటే, రాత్రి నిద్ర మానేసి నాకు పులిహోర చేసి, మళ్లీ ఆరింటికి ఆయన్ని ఆసుపత్రికి తయారుచేయాలి.

నేనేదో త్యాగం చేశానని అనుకోవద్దు. నిజంగా చెప్తున్నా, మధ్యాహ్నం నిద్ర రుచి మరిగాక మూడున్నరకి లేవడమంటే అప్పటికే గుండె జారింది. పైగా మోకాలు కొంచెం అనుమానంగా ఉంది. కారణాలన్నీ కలిసొచ్చాయి. ‘కొండ వద్దులే రా’ అన్నా. ‘పిచ్చా? అందుకే కదా వచ్చావు’ అన్నాడు. దానికి జవాబు చెప్పలేదు.

శనివారం వాళ్లిద్దరూ పొద్దున్నే ఆటోలో వెళ్లిపోయారు. నేనూ వస్తానంటే, ‘నాలుగు గంటలు బయట బెంచీ మీద కూర్చుని ఏం చేస్తావ్? పడుకో’ అని వాడు ఒప్పుకోలేదు. సరే, పడుకున్నా. ఏమీ చేయకపోవడం అనుకున్నంత తేలిక కాదండీ. పది నిమిషాలకోసారి చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. సిగ్నల్ ఒక్క గీతే. ఒక రీల్ తిరుగుతూ తిరుగుతూ ఆగిపోయింది. మంచం మీంచి కొండ కనిపిస్తూనే ఉంది. ‘ఈపాటికి సగం ఎక్కేసుండేవాణ్ని’ అని ఒక లెక్క. తర్వాత ఉడుత ఒకటి వేపచెట్టు దిగి, నా కొత్త బూట్లను చాలాసేపు పరిశీలించి వెళ్లింది. ఇప్పటిదాకా వాటిని వాడుకున్నది అదొక్కతే.

నా అవస్థ చూసి అమ్మ గారు పని చెప్పారు. పనసకాయ. ‘సేతులకి నూనె రాసుకో, నేకపోతే జిగురు వారం దాకా వదల్దు’ అంటూ నా అరచేతుల్లో కొబ్బరినూనె పోశారు. ఆవిడ వేలి చివరలు చూశా. గీతలు లేవు, నున్నగా, నల్లగా ఉన్నాయి. పదేళ్ల జీడిపిక్కలు. ఆఫీసులో నా వేలిముద్రతో తలుపు తెరుచుకుంటుంది. రేషన్ మిషన్ దగ్గర ఆవిడ వేలు రెండు మూడుసార్లు పెట్టినా పడదట, చెప్పి నవ్వారు.

లేత పనసకాయని చెక్కి, ముక్కలు కోసి, ఉడికించి, అల్లం వెల్లుల్లి మసాలాతో కూర. ఇక్కడ పెళ్లైనా పేరంటమైనా ఈ కూర ఉండాల్సిందే. మాంసం పక్కన పెట్టి దీన్నే తింటారంటే నేను నమ్మలేదు. తిన్నాక నమ్మా. పక్క పొయ్యి మీద ఇంకో చిన్న గిన్నె ఉంది. బీరకాయ ముక్కలు ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ వండుతున్నారు. ఉప్పు దాదాపు లేదు. అది ఆయనకి. కూరల్లో పొటాషియం అలా కొంత పోతుందని డాక్టర్లు చెప్పారట. పనసకాయ ఆయన తినకూడదు. ఈ ఇంట్లో ప్రతి పూటా రెండు వంటలు, మూడేళ్లుగా.

మధ్యాహ్నం వచ్చారు. ఆయన మాట్లాడే ఓపిక లేక నేరుగా పడుకున్నారు. మా వాడు అన్నం తిన్నాక మంచం రెండో కొసన కూర్చున్నాడు. చాలాసేపు ఏం మాట్లాడుకోలేదు. అప్పుడన్నా, ‘తిత్లీ అప్పుడు రావాల్సింది రా నేను.’

‘అప్పుడొచ్చుంటే నీకు పడుకోడానికి చోటు కూడా లేదు. పైకప్పు లేచిపోయింది’ అన్నాడు. కాసేపాగి, ‘నాన్న విషయం నువ్వడిగితే చెప్పేవాణ్ని. అడక్కపోతే ఎలా చెప్తాం?’ అన్నాడు. కోపంగా కాదు. అంతే, ఆ మాట అక్కడితో అయిపోయింది. తర్వాత అమీర్‌పేట మెస్ గురించి, ఓనర్ దాచిపెట్టే మోటార్ స్విచ్ గురించి చీకటి పడేదాకా నవ్వుకున్నాం. సూర్యుడు మహేంద్రగిరి వెనక్కి దిగాడు. ఫొటో తీయడం మర్చిపోయా.

ఆదివారం తెల్లారకముందే బారువ తీసుకెళ్లాడు. బీచ్ అంటే బజ్జీల బండ్లు ఊహించుకోకండి. ఇసుక, సముద్రం, వలలు సర్దుకునే జాలర్లు. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్లు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరంలో ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. నక్కలు, కుక్కలు తవ్వేయకుండా వాటిని సేకరించి, కంచె కట్టిన ఇసుకలో పాతిపెడతారు. నెలన్నర, రెండు నెలల్లో పిల్లలు బయటికొస్తే సముద్రంలో వదులుతారు. మేం వెళ్లేసరికి తాబేళ్లు లేవు. తడి ఇసుక మీద ట్రాక్టర్ టైరు పోయినట్టు ఒక జాడ మాత్రం ఉంది. రాత్రి ఒకటొచ్చి వెళ్లింది.

కాస్త పక్కనే ఒక నది సముద్రంలో కలుస్తోంది. మోకాలి లోతు ఉంటుందేమో. ‘దీని పేరు తెలుసా? మహేంద్రతనయ’ అన్నాడు. మహేంద్రగిరి మీద పుట్టి ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. ‘నువ్వు దాని దగ్గరికి వెళ్లలేదని అదే వచ్చింది, కాళ్లు కడుక్కో’ అన్నాడు. కడుక్కున్నా. చల్లగా ఉన్నాయి.

ఇంటికొచ్చేసరికి నాన్న గారు అరుగు దిగి, చేతికర్రతో నిలబడి ఉన్నారు. డయాలసిస్ మర్నాడు ఒళ్లు తేలిగ్గా ఉంటుందట. ‘రా బాబూ, తోట సూపిస్తాను’ అన్నారు. చేతిలో ఉన్నది నా ట్రెక్కింగ్ కర్రే. ‘బాగుంది ఇది, తేలిగ్గా’ అన్నారు.

ఎకరం పైన ఉంటుంది. బండి మీద వస్తూ చూసిన పొట్టి చెట్లు ఇవే. మధ్యలో నల్లబడిన పాత మొదళ్లు కొన్ని. ఈ తీరానికి అక్టోబర్ అంటే భయం. 2013 అక్టోబర్ 12న ఫైలిన్, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ. తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది, తెల్లవారుజామున, గంటకి 140 నుంచి 150 కిలోమీటర్ల గాలితో. తెల్లారి తలుపు తీస్తే తమ తోటలోంచి పక్క ఊరు కనిపించిందని చెప్పారాయన. అంతకుముందెప్పుడూ కనపడలేదట, చెట్లడ్డం ఉండేవి కదా.

‘సెట్టు పడిపోతే ఊరుకోవచ్చు బాబూ. నిలబడే ఉంటాది, తలకాయ ఇరిగిపోతాది. ఇంక బతకదు. కానీ రోజూ కనపడతాది.’

కొబ్బరికి మొవ్వు ఒక్కటే. అది పోతే చెట్టు అయిపోయినట్టే, పక్కనుంచి కొమ్మ వేయదు. అలాంటివి నలభై దాకా నరికించారు. 2019 వానల్లో మా వాడు కొత్త మొక్కలు నాటాడు. నాటు రకం కాపుకి రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది. ఆరేళ్లు కాయ లేని తోటకి నీళ్లు పెట్టాడు, ఎరువు మోశాడు. మధ్యలో కూలికి కూడా వెళ్లాడట, అదీ ఈయన చెబితేనే తెలిసింది. ఆ ఆరేళ్లలో నేను నాలుగు కంపెనీలు మారాను.

ఒక చెట్టు దగ్గర ఆగారు. ‘ఇదే ముందు కాసింది.’ తొలి గెల. పది కాయలు కూడా లేవు. చెట్టు ఇంకా పొట్టిది కాబట్టి మా వాడు కింద నిలబడే కత్తితో ఒక బొండాం తెంపాడు. నేను వద్దంటున్నా చెక్కి నా చేతికిచ్చాడు. తొలి కాపులో ఇంకెవరూ ముట్టుకోలేదట, వాళ్లమ్మ గారు ఒకటి దేవుడికి కొట్టింది తప్ప.

తాగబోతూ ఆయన వైపు చూశా. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. ఈ జబ్బున్నవాళ్లు ఒక్క గుక్క కూడా తాగకూడదు. ఆ సంగతి ముందు రోజే వాడు చెప్పాడు. ఆయన కర్ర మీద రెండు చేతులూ ఆనించి నా మొహం వైపే చూస్తున్నారు.

‘తాగు తాగు. ఎలగుందో సెప్పు.’

తాగా. ‘బాగుంది’ అన్నా.

‘బాగుంది కాదు. తియ్యగుందా? ఉప్పదనం తగుల్తోందా? సముద్రం దగ్గర కదా, పాత సెట్లకి కొద్దిగా తగిలేది.’

మళ్లీ ఒక గుక్క తీసుకుని, నోట్లో ఉంచుకుని, జాగ్రత్తగా మింగా. జీవితంలో ఏ పరీక్షకీ అంత శ్రద్ధగా జవాబు రాయలేదు. ‘ముందు తియ్యగా ఉంది. చివర్లో కొంచెం, చాలా కొంచెం ఉప్పు తగులుతోంది’ అన్నా.

ఆయన మొహం విప్పారింది. కొడుకు వైపు తిరిగి, ‘అదేరా. అదే మా నేల’ అన్నారు.

సాయంత్రం ట్రైన్‌కి బయల్దేరేటప్పుడు బ్యాగ్ వచ్చినప్పటికంటే బరువైంది. రెండు కొబ్బరికాయలు, ఒక పనసకాయ, జీడిపప్పు. ఈసారి జీడిపప్పుకి డబ్బులిస్తానంటే అమ్మ గారు చూసిన చూపు ఇక్కడ రాయలేను. కర్ర అక్కడే వదిలేశా. బూట్లు కూడా వదిలేద్దామనుకున్నా గానీ మా వాడి కాలు పదో సైజు.

పోయిన శనివారం మధ్యాహ్నం వాడి నుంచి మెసేజ్: ‘బెంచీ మీద ఉన్నా. కొండ ఎప్పుడెక్కుతావని నాన్న అడగమన్నాడు.’

‘పనసపళ్లు ఎప్పుడొస్తాయి?’ అని అడిగా.

‘మే, జూన్. అప్పుడు ఎండకి కొండెక్కలేవు రా.’

‘తెలుసు’ అన్నా. జూన్ మొదటి వారానికి టికెట్ తీశా. వెయిటింగ్ లిస్ట్ 43. చూడాలి.